నీళ్ళు పోయకూడని డబ్బా

మా ఇంట్లో మూడో తరగతి చదివేది ఒక్క ఆశ్రితే, కానీ సైన్సు మాత్రం ఇంటిల్లిపాదీ చదవాలి. బడిలో ఏ పాఠం చెప్పినా అది సాయంత్రానికల్లా నేరుగా నా వంటింట్లోకి వచ్చి పడుతుంది. ఒక వారం నా మెంతులన్నీ కొబ్బరి చిప్పల్లోకి వెళ్ళి మొలకెత్తాయి. ఇంకో వారం తెల్ల చామంతి పువ్వును సిరా కలిపిన నీళ్ళలో నిలబెట్టి, అది నీలంగా మారేదాకా నన్ను ఆ గ్లాసు ముట్టుకోనివ్వలేదు. ఉప్పు నీళ్ళలో గుడ్డు తేలుతుందని చూపించడానికి, కూరలో వేయాల్సిన గుడ్డు రోజంతా గిన్నెలో ఈత కొట్టింది. నేను అరిచాను. అరవడం నాకు అలవాటు, వినకపోవడం వాళ్ళకు అలవాటు.

నా పేరు పద్మప్రియ. ఆ ప్రియ అన్న ముక్క పెళ్ళిపత్రిక మీద కనిపించిందే ఆఖరు, ఊళ్ళో అందరికీ పద్మనే. రాయదుర్గంలో కుట్టిన జీన్సు ప్యాంట్లు మూటలు మూటలుగా మా ఊరికి వస్తాయి. వాటికి వేలాడే దారపు కొసలు కత్తిరించే పని మాలాంటి ఆడవాళ్ళది. వాకిట్లో కూర్చుని కత్తెర ఆడిస్తూనే నేను ఇల్లు ఏలుతాను. మా ఆయన రాఘవేంద్ర అదే రాయదుర్గంలో ఒక యూనిట్‌లో కటింగ్ మాస్టరు. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టాకే ఇల్లు చేరతాడు. మా మామ బయ్యన్న మూడెకరాల ఎర్రనేలలో శెనక్కాయ వేస్తాడు. వేయడం ఆయన పని, పండించడం వానదేవుడి పని. వాళ్ళిద్దరికీ చాలా ఏళ్ళుగా సరిగ్గా పొసగడం లేదు.

మా ఇంట్లో బంగారం దాచుకున్నట్టు దాచుకునేది నీళ్ళనే. కొళాయి రోజు విడిచి రోజు వస్తుందంటారు, ఆ మాట మీద అది ఎప్పుడూ నిలబడలేదు. వాకిట్లో మూత పెట్టిన నీలం డ్రమ్ము ఒకటి ఉంది, దానికి నేనే కాపలా. చెంబు ముంచిన చప్పుడు వింటే చాలు, ముంచింది ఎవరో, ఎంత ముంచారో కూర్చున్న చోటి నుంచే చెప్పగలనని నాకు గొప్ప. ఆ గొప్ప ఈ మధ్యే పోయింది. అది ఎలా పోయిందో చెప్పడానికే ఈ కథంతా.

ఈ ఏడు జులైలో ఒక మంచి పదును వాన పడింది. మామ ఆలస్యం చేయకుండా విత్తనం వేశాడు. వేయగా మిగిలిన కాయలు మూటలో అడుగున కొన్ని ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆశ్రిత వాళ్ళ చౌడేశ్వరి మేడం పిల్లలకు ఇంట్లో చేసుకురమ్మని ఒక పని చెప్పింది. రెండు డబ్బాల్లో ఒకే మన్ను, ఒకే రకం గింజలు వేయాలి. మొలిచి నాలుగు ఆకులు వేసేదాకా రెండింటికీ నీళ్ళు పోయాలి. ఆ తర్వాత ఒకదానికి పోస్తూ రెండోదానికి మానేయాలి. ఏమేం జరుగుతుందో చార్టు మీద బొమ్మలు గీసి, వచ్చే నెల ఆఖరు శనివారం తల్లిదండ్రుల మీటింగుకు డబ్బాలతో సహా తేవాలి.

పని చెప్పింది పిల్లకు, పండగ వచ్చింది మామకు. అటక మీది రెండు రంగు డబ్బాలు దించి, మేకు కాల్చి అడుగున బెజ్జాలు పొడిచాడు. పొలం నుంచి తెచ్చిన ఎర్రమన్ను జల్లించి, గొర్రెల ఎరువు కలిపాడు. కాయలు ఒలిచి గింజలను అరచేతిలో పరిచి, ముక్కు విరిగింది, పొర లేచింది పక్కకు తీసేస్తూ మనవరాలికి ఒక్కొక్కటే చూపించాడు. పొర ఊడిన గింజ మొలవదని, మొలిచినా బలంగా రాదని చెప్పాడు. ఆ పక్కకు తీసినవన్నీ వాళ్ళిద్దరూ నమిలేశారు, అది వేరే సంగతి.

మొలకలు వచ్చాయి. నాలుగు ఆకులు వేశాయి. ఆ రోజు ఆశ్రిత నా దగ్గర జీన్సు గుడ్డ పీలిక ఒకటి అడిగి తీసుకుని, నీళ్ళు పోసే డబ్బాకు నడుం చుట్టూ కట్టింది. రెండో డబ్బాకు కాగితం అంటించింది. దాని మీద పెద్ద అక్షరాలతో "దీనికి నీళ్ళు పోయకూడదు. ఇట్లు ఆశ్రిత, మూడో తరగతి" అని రాసింది. రెండూ తీసుకెళ్ళి పక్కింటికీ మాకూ మధ్యనున్న మొండిగోడ వారన ఎండ తగిలేలా పెట్టింది.

అంతటితో ఆగితే అది మా ఆశ్రితే కాదు. ఇంటి మనుషులందరినీ డబ్బా ముందుకు పిలిచి, నీళ్ళు పోయబోమని ఒట్టు పెట్టమంది. మా ఆయన బస్సుకు టైమయిందని చెప్పులు వేసుకున్నాడు. మామ, ఒట్లు గిట్లు ఏంటికి తల్లీ, మాట చెప్తే సాలదా అంటూ తుండుగుడ్డ దులుపుకున్నాడు. గోడ అవతలి నుంచి తొంగి చూస్తున్న రంజాన్ బీ, మా వాళ్ళల్లో ఒట్టు పెట్టరమ్మా అని నవ్వేసింది. రంజాన్ బీ గాజులమ్మే మనిషి, నాకు అక్క వరస. ఆమె మనవరాలు సిమ్రాన్, ఆశ్రిత ఒకే బెంచీలో కూర్చుంటారు. కడకు పిల్ల తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది నేనొక్కదాన్నే. వాళ్ళ ముగ్గురి వాలకం చూసి అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఒక్క మాట ముందే చెప్పాలి. మా ఆశ్రిత మొండిది, వాగుడుకాయ, అన్నం దగ్గర పేచీకోరు, అన్నీ ఒప్పుకుంటాను. కానీ అబద్ధం రాదు దానికి. అద్దం పగలగొడితే నేను చూడకముందే వచ్చి పగిలిందని చెప్తుంది, చెప్పి వీపు చూపిస్తుంది. తిడితే ఏడవదు, కొడితే ఏడవదు. అబద్ధం ఆడావంటే మాత్రం ఆ పూట కూడు ముట్టదు. ఆ గుణం ఎవరి పోలికో మా రెండు వంశాల్లోనూ వెతికాను, దొరకలేదు.

జులైలో ఒక్కసారి మొహం చూపించిన వాన మళ్ళీ ఇటు తిరగలేదు. మబ్బు పట్టేది, గాలి వీచేది, ఆ గాలికి మబ్బంతా కర్ణాటక వైపు కొట్టుకుపోయేది. మామ పొద్దున్నే పొలానికి పోయి ఊరికే గట్టు మీద నిలబడి వచ్చేవాడు. ఎట్లుండాది మామా అని అడిగితే, ఉండాది అనేవాడు. ఆ ఒక్క మాటలోనే అంతా తెలిసిపోయేది. మా బోరు ఎండిపోయి చాలా కాలమైంది, ఇంక ఆ చేనుకు పోయడానికి మా చేతుల్లో ఏమీ లేదు.

ఇక్కడ డబ్బాల సంగతి చిత్రంగా తయారయింది. నీళ్ళు పోసే డబ్బాలోని చెట్టు బాగానే ఉంది. నీళ్ళు పోయని డబ్బాలోని చెట్టు అంతకన్నా బాగుంది. ఆశ్రిత రోజూ బడి నుంచి రాగానే సంచి పడేసి, స్కేలు తీసుకుని గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చునేది. మన్ను మీద వేలు పెట్టి చూసేది. పొడి పొడిగా ఉండేది. తల గోక్కునేది. మళ్ళీ కొలిచేది. వారం తిరిగేసరికి పోయని చెట్టు పోసిన చెట్టును దాటిపోయింది. ఇంకో వారానికి గుబురుగా కొమ్మలు వేసి పసుప్పచ్చ పువ్వులు కూడా పూసింది.

నేను మా ఆయనతో అన్నాను, ఇందులో ఏదో మతలబు ఉందని. ఆయన అన్నం కలుపుతూ, మంచి విత్తనం అయ్యుంటుందిలే అన్నాడు. మామను అడిగితే, మన్నులో బలం ఉండాది అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. డ్రమ్ము మూత తీసి చూశాను. నీళ్ళు కాస్త తగ్గినట్టే ఉన్నాయి, కానీ ఆ ఎండలకు డ్రమ్ములో నీళ్ళు తగ్గడం వింతేం కాదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఆశ్రిత తను కనిపెట్టింది చెప్పింది. మొహం చేటంత చేసుకుని, మామ వైపు తిరిగి కూర్చుంది.

"తాతా, మన మూటలో కాయలకు నీళ్ళు అక్కర్లే. నేను చూసినా కదా. ఇంగ మన పొలం కూడా ఎండిపోదు."

మామ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మా ఆయన కంచంలోకి చూస్తూ మజ్జిగ పోసుకున్నాడు, అప్పటికే ఆ కంచంలో మజ్జిగ ఉంది. కాసేపటికి మామ, తినమ్మా, అన్నం సల్లారిపోతాది అని మాత్రం అన్నాడు. చెయ్యి కడుక్కుని బయటకు పోయి అరుగు మీద కూర్చున్నాడు. పిల్ల మాత్రం ఆ పూట పేచీ లేకుండా తిన్నది. పొలం బతుకుతుందన్న సంతోషం దానిది.

శనివారం వచ్చింది. మా ఆయన సగం రోజు సెలవు పెట్టాడు. నీళ్ళు పోసిన డబ్బా ఆయన మోశాడు, పోయని డబ్బా మామ చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. రంజాన్ బీ సిమ్రాన్‌ను, దాని డబ్బాలను వెంటబెట్టుకుని మాతోపాటే వచ్చింది. ఆశ్రిత చార్టును చుట్టగా చుట్టి రెండు చేతులతో పట్టుకుని మా అందరికంటే ముందు నడిచింది.

బడి వరండాలో డబ్బాలన్నీ వరసగా పెట్టారు. అందరివీ జంటలు జంటలుగా ఉన్నాయి, పచ్చ చెట్టు పక్కన ఎండిన పుల్ల. కొందరివైతే రెండూ పుల్లలే. మా ఆశ్రిత జంట ఒక్కటే వేరు. అక్కడ పచ్చ చెట్టు పక్కన ఇంకా పచ్చ చెట్టు ఉంది, దాని మీద నీళ్ళు పోయకూడదన్న కాగితం ఉంది. వచ్చినవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

చౌడేశ్వరి మేడం చెడ్డ మనిషేం కాదు. కళ్యాణదుర్గం నుంచి బస్సులో వచ్చి, పిల్లల చేత ఇన్ని పనులు చేయించే ఓపిక ఆమెకుంది. ముందు నవ్వింది. తర్వాత వంగి, డబ్బాలో వేలు పెట్టింది. పైన పొడి మన్ను పక్కకు జరిగింది, వేలు లోపలికి దిగింది. తీసి చూపిస్తే వేలికి తడి బురద అంటుకుని ఉంది.

"ఎండిపోతాదని భయపడి పోసుంటావు ఆశ్రితా. పోసినానని చెప్పు, నేనేమీ అనను. అబద్ధం మాత్రం చెప్పొద్దు."

"నేను పోయలే మేడం."

"మరి ఈ తడి యాడ నుంచి వచ్చింది?"

ఆశ్రిత ఆ బురద వేలిని చూసింది. అది వేళ్ళు పెట్టి చూసినన్నాళ్ళూ పైపొరే చూసింది, పాపం. మళ్ళీ, నేను పోయలే మేడం అంది, ఈసారి గొంతు సన్నగా వచ్చింది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం ఇంకేం అనకుండా చార్టు తీసుకుని, గోడకు అంటించకుండా బల్ల మీద బోర్లా పెట్టి, పక్క పిల్ల దగ్గరకు జరిగింది. ఆశ్రిత వెనక్కి తిరిగి మా మొహాలు చూసింది. అది ఏడవడం లేదు, ఏడుపు ఆపుకుంటోంది. నా కూతురు నిజం చెప్తోందని ఆ వరండాలో నమ్మినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం నమ్మాను, ఎవరి మీద అరవాలో తెలియక ఒళ్ళు మండిపోయింది.

"నేను పోసినా మేడం." అన్నది రంజాన్ బీ.

అందరూ అటు తిరిగారు. ఆమె కొంగు సర్దుకుని, దాచుకోవడానికి ఏముందన్నట్టు చెప్పుకొచ్చింది. పొద్దున గిన్నెలు తోమి నీళ్ళు పారబోయడానికి గోడ దగ్గరకు వస్తే ఆ డబ్బా కనిపించేదట. ఒక చెట్టుకు పోసి పక్క చెట్టుకు పోయకపోవడం పాపమట. గోడ మీది నుంచి చెయ్యి చాపితే అందుతుంది కాబట్టి రోజూ పోసిందట. మీ మనవరాలి డబ్బాకు కూడా పోసినారా అని మేడం అడిగితే, దానికి మా కోడలు కాపలా ఉండె అంది.

తర్వాత మా ఆయన గొంతు సవరించుకున్నాడు. బస్సు దిగి ఇంట్లోకి వచ్చేటప్పుడు, తాగగా బాటిల్లో మిగిలిన నీళ్ళు ఊరికే పారబోయడం ఎందుకని అందులో వంచేవాడట. కటింగ్ మాస్టరు గుడ్డ ముక్క కూడా వృథా చేయడు కదా. మంచి విత్తనం అయ్యుంటుందిలే అన్న మనిషి ఇతనే.

ఇక మామ మిగిలాడు. డబ్బా ముందు కింద చతికిలబడి, పక్కకు జరిగిన మన్నును చేత్తో ఎగదోస్తూ మాట్లాడాడు. కోడి కూయకముందే లేచి పోసేవాడట. పోసినాక పైన పొడి మన్ను కప్పేవాడట, చేలో గుంటక తోలినట్టు. అలా కప్పితే లోపలి తేమ ఎగిరిపోదు, పైకి పిల్లకూ తెలియదు. చెంబు చప్పుడు నా చెవిన పడకూడదని డ్రమ్ములో తుండుగుడ్డ ముంచి పిండేవాడట. నలభై ఏళ్ళ సేద్యం తెలివినంతా ఆ రంగు డబ్బాలో పెట్టాడన్నమాట.

ఏమప్పా పెద్దాయనా, చదవడం రాదా నీకు, కాగితం అంటించింది కదా అని ఎవరో నవ్వుతూ అన్నారు. మామ నవ్వలేదు.

"మూడెకరాలు ఎండిపోతాంటే రోజూ పోయి చూసి వస్తాండా మేడం. చేసేకి ఏమీ లేదు. ఇదొక్కటే గుక్కెడు నీళ్ళకు లేచి నిలబడతాంది. దీన్ని కూడా ఊరికే చూస్తా కూసోమంటే నా చేత కాలే."

నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు. అక్కడున్న వాళ్ళలో చేను లేనివాళ్ళు తక్కువ. ఆ తర్వాత అందరి చూపులూ నా మీదకు మళ్ళాయి. నేను పోయలేదని గట్టిగా చెప్పాను. ఒట్టు పెట్టినదాన్ని, ఎందుకు పోస్తాను. బియ్యం కడిగిన నీళ్ళు ఆ గోడ వారన వంచుతాను, పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అక్కడే వంచుతాను. నేను వంచే చోటే ఎవరో డబ్బా తెచ్చి పెడితే అది నా తప్పా? ఈ మాటకు మేడం కూడా పెదవి కొరుక్కుంది.

పిల్ల మీద మచ్చ పోయింది కదా, ఇంక నవ్వుతుందనుకున్నాను. అది ఒంటికాలి మీద లేచింది. "నేను నిజం చెప్పినా. మీరంతా కలిసి దాన్ని అబద్ధం చేసినారు" అంది. మామ తల ఎత్తలేదు.

మేడం ఆశ్రితను దగ్గరకు తీసుకుని, అబద్ధం అన్నందుకు తన మాట వెనక్కి తీసుకుంటున్నానని అందరి ముందూ చెప్పింది. వచ్చే శనివారం దాకా గడువు ఇచ్చింది. ఈ వారం నిజంగానే నీళ్ళు ఆపి, ఏమవుతుందో చూసి తెస్తే చార్టు గోడకు అంటిస్తానంది. ఆశ్రిత ముక్కు తుడుచుకుని, తెస్తా మేడం అని మాట ఇచ్చింది.

ఆ వారం మా ఇల్లు ఇల్లులా లేదు. ఆశ్రిత డబ్బా పైన కప్పిన పొడి మన్నంతా తీసేసి, దాన్ని గోడ దగ్గర నుంచి నా కళ్ళ ముందుకు, వాకిలి మధ్యకు మార్చింది. బడికి పోయేటప్పుడు కాపలా నాకు అప్పగించేది, వచ్చాక తను కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చునేది, పడుకునేటప్పుడు మంచం కిందకు లాక్కునేది. రంజాన్ బీ గోడ దగ్గరకు రావడమే మానేసి, గాజుల బుట్ట సర్దుకుంటూ అటు తిరిగి కూర్చుంది. మా ఆయన ఖాళీ బాటిల్ తలకిందులు చేసి చూపించాకే ఇంట్లోకి వచ్చేవాడు. బియ్యం నీళ్ళు నేను వీధిలో పారబోశాను, పారబోసిన ప్రతిసారీ ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది.

ఎండలు, పొడి గాలి, అంతంత గుబురు చెట్టు, చారెడు మన్ను. మూడు రోజులు బింకంగా నిలబడింది. తర్వాత ఆకులు దగ్గరకు ముడుచుకున్నాయి. శెనక్కాయ ఆకులు రాత్రిపూట ఎలాగూ ముడుచుకుంటాయి, పొద్దెక్కినా విప్పుకోవడం లేదంటే దాని పని అయిపోవస్తున్నట్టే. పువ్వులు రాలిపోయాయి. చిటారు కొమ్మ తల వాల్చింది. ఆశ్రిత ప్రతి సాయంత్రం బొమ్మ గీసేది. ఒక్కో బొమ్మలో చెట్టు కొంచెం కిందకు వంగేది. గీసేటప్పుడు పాటలు పాడే పిల్ల, ఇప్పుడు ఏమీ పాడటం లేదు.

మామ పెరటి దారి పట్టాడు. వాకిట్లోకి రాకుండా అటు నుంచే పొలానికి పోయి అటు నుంచే వచ్చేవాడు. అన్నం కూడా లోపలే తినేవాడు.

శుక్రవారం పొద్దుగూకే వేళ ఆశ్రిత మామను వెతుక్కుంటూ వెళ్ళి, చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. నేను అరుగు మీద ప్యాంట్ల దారాలు కత్తిరిస్తున్నాను. ఇద్దరూ డబ్బా ముందు కూర్చున్నారు. మామ ఒక ఆకును రెండు వేళ్ళతో తాకి వదిలేశాడు.

"రేపు పొద్దున మేడంకు చూపించినాక నీళ్ళు పోస్తే బతుకుతాదా తాతా?"

"చెప్పలేం తల్లీ. బతకకపోవచ్చు."

"ఇప్పుడు పోస్తే?"

"ఇప్పుడైతే లేస్తాది."

"పొలంలోవి?"

"అవి అయిపోయినాయి" అన్నాడు మామ. అబద్ధం చెప్పొచ్చు, ఎనిమిదేళ్ళ పిల్లకు. ఆయన చెప్పలేదు. ఆ మాట మామ నోటి నుంచి ఇంట్లో మేం మొదటిసారి విన్నది అప్పుడే. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

మామ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆశ్రిత అక్కడే గొంతుక్కూర్చుని ఉండిపోయింది. చీకటి పడుతోంది. చార్టు గోడకు ఎక్కాలంటే ఈ చెట్టు ఎండాలి. మేడంకు మాట ఇచ్చింది. మాట మీద నమ్మకం పోతే ఎలా ఉంటుందో దానికి మా అందరికంటే బాగా తెలుసు, మొన్ననే ఆ అవమానం పడింది కదా. నేను ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది, కానీ ఏది చెప్పినా తప్పే అనిపించింది. అందుకని తల వంచుకుని దారాలు కత్తిరించుకుంటూ పోయాను.

కాసేపటికి డ్రమ్ము మూత తీసిన చప్పుడైంది. చెంబు ముంచిన చప్పుడు. ఈసారి ఎవరో నాకు తెలుసు, ఎంత ముంచిందో తెలుసు. నిండా ముంచింది. నేను అరవలేదు.

నీళ్ళు పోసి, చెంబు బోర్లించి, ఆశ్రిత లోపలికి వెళ్ళింది. తాతా, రేపు తెల్లారే నన్ను పొలానికి తీసుకపో అని అడగడం వినిపించింది. ఎందుకని మామ అడగలేదు.

పొద్దున నేను లేచేసరికి డబ్బాలో చెట్టు తలెత్తి నిలబడి ఉంది. కింది ఆకులు కొన్ని పండిపోయాయి కానీ పైవన్నీ విప్పుకున్నాయి. కాసేపటికి మామ మోపెడ్ వచ్చి ఆగింది. వెనక సీటు మీద ఆశ్రిత, దాని ఒళ్ళో జీన్సు గుడ్డలో చుట్టిన పొట్లం. మామ మొహంలోకి నేను చూడలేదు, చూడాలనిపించలేదు.

బడికి ఆ రోజు మామ, నేను, ఆశ్రిత వెళ్ళాం. మీటింగు లేదు, పిల్లలు మాత్రమే ఉన్నారు. మేడం డబ్బాలోని పచ్చ చెట్టును చూసి కనుబొమలు ఎగరేసింది. ఆమె నోరు తెరవకముందే ఆశ్రిత చెప్పింది.

"ఈసారి నేనే పోసినా మేడం. నిన్న మాపటికి పోసినా, చెంబు నిండా. ఎవరూ పోయలే, నేనే."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. మేడం, మాట ఇచ్చావు కదా అంది మెల్లగా. నీళ్ళు పోయకపోతే ఏమవుతుందో మరి ఎలా చూపిస్తావని అడిగింది. ఆశ్రిత పొట్లం విప్పి, ఎండిన శెనక్కాయ చెట్టును వేళ్ళతో సహా బల్ల మీద పెట్టింది. ఆకులు ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి. వేళ్ళకు అక్కడక్కడా ఎర్రమన్ను అంటుకుని ఉంది, కాయ అన్నది ఒక్కటీ లేదు.

"ఇది కూడా ఆ మూటలో కాయే మేడం. అదే మన్ను. మా పొలంలోది. దీనికి ఎవరూ నీళ్ళు పోయలే." ఒక్క క్షణం ఆగి, మేడం కళ్ళలోకి చూసింది. "నిజంగానే పోయలే."

మేడం ఎండిన చెట్టును పచ్చ చెట్టు పక్కన జాగ్రత్తగా నిలబెట్టబోయింది, అది నిలబడలేదు, వాలిపోతుంటే మామ ముందుకు వచ్చి చేత్తో పట్టుకున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి రెండింటినీ చూసి పోతుంటే, అందరూ చూసేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా కూతురు మీద ఎంత గర్వంగా ఉందో, ఆ ముసలాయన చేతిని చూస్తే అంత దుఃఖంగా ఉంది. చార్టు గోడకు ఎక్కింది.

ఇంటికి వచ్చాక ఆశ్రిత డబ్బా మీది కాగితం చింపి పారేసింది. డబ్బాను తీసుకెళ్ళి మళ్ళీ గోడ వారన, పాత చోటే పెట్టింది. సాయంత్రానికి నేను డ్రమ్ము మూత తీసి చూస్తే నీళ్ళు ఒక చెంబు తగ్గి ఉన్నాయి. ఎవరు ముంచారో నేను అడగలేదు.